ఇనుము ఊడిన గొడ్డలి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది ఆ శిష్యుడే. పేరు శేషఫణి. మా కోయ గూడేనికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, తన నోటితోనే చెప్పాడు. కాబట్టి నేను చెప్పేదే అసలు సంగతి. మిగతావాళ్లు చెప్పేది నేను ఒప్పుకోను.

శేషఫణి కృపావరం మాస్టారి దగ్గర కథల మీద పరిశోధన చేసేవాడు. ఒక మోడర్న్ కథ పట్టుకున్నాడు. అందులో మనిషికి పేరుండదు. మొదలేదో చివరేదో తెలియదు. కొండ దిగిన కోయవాడొకడు, ఇనుము ఊడిపోయిన గొడ్డలి కర్ర భుజాన వేసుకుని పట్నమంతా తిరుగుతాడు. అది వాళ్ల నాన్నది. అంతే కథ.

శేషఫణి మానవశాస్త్రం పుస్తకాలు తెగ చదివాడు. చచ్చినవాడి శక్తి ఆ కర్రలో ఉంటుందని ఆదిమ మానవుడి నమ్మకమనీ, కథంతా ఒక మంత్రతంత్రాల తంతేననీ రాశాడు. మర్నాడు పెద్ద సభలో చదవాలి. అక్కడ మెచ్చుకుంటే కాలేజీలో ఉద్యోగం ఖాయం. దానికి ముందు మాస్టారు సరేననాలి.

అంతా చదివి వినిపించాడు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"ఎలా ఉంది సార్? ఆ కథని ఇలా ఇంతవరకు ఎవరూ చూడలేదు."

"చూడలేదు. టైమెంత?"

శేషఫణి అలవాటుగా మణికట్టు చూసుకున్నాడు. వెంటనే తలెత్తి గోడ గడియారం కోసం వెతికాడు.

"చేతికి ఉందిగా నాయనా."

"ఇది నడవదు సార్. మా నాన్నగారిది. ఆయన పోయినప్పటి నుంచీ నేనే పెట్టుకుంటున్నాను."

"నడవందాన్ని మోయడం దేనికి? ఇలా ఇవ్వు. పాత సామాన్లవాడొస్తే వేసేస్తాను."

మాస్టారు చెయ్యి చాపారు. శేషఫణి రెండో చేత్తో గడియారాన్ని గట్టిగా మూసేశాడు.

"ఏం, ఆయన శక్తి ఇందులో ఉందా?"

"ఛ, అదేం కాదు సార్." గడియారం మీంచి చెయ్యి తియ్యలేదు. "ఊరికే... ఉండాలి, అంతే."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాగితాలు అతని ముందుకు జరిపారు.

"ఇంకోసారి చదువు."

శేషఫణి మళ్లీ మొదలుపెట్టాడు. చచ్చినవాడి శక్తి కర్రలో ఉంటుందన్న వాక్యం దాకా వచ్చి ఆగిపోయాడు. మర్నాడు సభలో పేరు పిలిస్తే లేవలేదు. ఉద్యోగం వేరేవాళ్లకి పోయింది.

ఇదీ జరిగింది.

మొన్న మా మండలం సభలో ఒకాయన మైకు పట్టుకుని, మాస్టారు ఆ కాగితాలు చింపి శిష్యుడి మొహాన కొట్టారని చెప్పాడు. పైగా "గొడ్డలిని దేవుడిగా కొలిచే అమాయకులు, పాపం" అన్నాడు మమ్మల్ని. నేను లేచి నిలబడితే, "కూర్చో తాతా, భోజనాలు ఉన్నాయి" అన్నాడు. ఆ మాట మర్చిపోను. తినకుండానే వచ్చేశాను.

మాస్టారు ఏ కాగితమూ చింపలేదు. కథలో ఆ మనిషి దేన్నీ కొలవలేదు. మా నాన్న గొడ్డలి మా ఇంట్లోనే ఉంది, దాంతో కట్టెలు కొడుతున్నాను. నాది అక్షరాలు కూడబలుక్కుని రాసే చదువు. చదువుకున్నవాళ్లు ఎవరైనా ఆ మైకాయన చేత ఇది సరిచేయించండి. మైకులోనే చెప్పించండి.