బావగారు చెప్పినట్టే ఆడారు

గుమ్మడివలస క్రికెట్ జట్టులో పదకొండు మందికి గాను నలుగురు తెలివైనవాళ్ళు. ఆ మాట చెప్పుకున్నది కూడా ఆ నలుగురే. పెద్దవాడు పైడిరాజు, కెప్టెను. తర్వాత తవిటినాయుడు, బంగారునాయుడు, ఆఖరివాడు సూరిబాబు. ఒక తల్లి పిల్లలు. మిగతా ఏడుగురూ మామూలు మనుషులు. అందుకే జట్టులో వాళ్ళ మాట చెల్లేది కాదు. పైగా బ్యాట్లూ ప్యాడ్లూ అన్నదమ్ములవి.

"దేవుడు మా ఇంటికి పంచగా మిగిలిన తెలివే ఊరికి పెట్టాడు" అనేవాడు పైడిరాజు.

"అందుకే ఊరికి కాస్త తక్కువైంది" అనేవాడు తవిటినాయుడు జాలిగా.

పన్నెండేళ్ళుగా పండగ కప్పు తాటిగూడెం వాళ్ళే ఎత్తుకుపోతున్నారు. ఈసారి ఆట నేర్పమని అన్నదమ్ములు తమ అక్క మొగుడు నరసింగరావుని పట్టుకున్నారు. ఆయన డ్రిల్లు మేష్టారు. "కప్పు తేకపోతే నన్ను మేష్టారని పిలవకండి" అని అప్పటికే బడంతా చెప్పుకొచ్చాడు.

"మీరేం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా చేస్తాం బావగారూ" అన్నాడు పైడిరాజు.

ఆయన సంతోషించాడు. పాపం, భయపడాల్సింది.

"ఆట పోయేది చేతకాక కాదర్రా, ధ్యాస తప్పి. మనసు పెట్టి ఆడండి" అన్నాడు.

"ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు సూరిబాబు.

"బంతి మీద! దాని మీంచి చూపు తీయకండి. చేతికి చిక్కితే వదలకండి."

అంతే. తాటిగూడెం వాళ్ళు బ్యాటింగుకి దిగారు. రెండో ఓవర్లో బంతి దొర్లుకుంటూ బంగారునాయుడి దగ్గరికొచ్చింది. ఒడిసి పట్టి గుండెకి హత్తుకున్నాడు.

"విసరరా! విసరరా!" అని ఏడుగురూ అరుస్తున్నారు.

"చిక్కితే వదలొద్దన్నారు!" అన్నాడు వాడు. తాటిగూడెం వాళ్ళు పదకొండు పరుగులు తీసి, పన్నెండోదానికి ఓపిక లేక కూలబడ్డారు.

మంచినీళ్ళ వేళ అంపైరు బంతి జేబులో వేసుకుని తుప్పల చాటుకి నడిచాడు. ఇంకేముంది, నలుగురూ వెనకాలే.

"ఎక్కడికర్రా?" అన్నాడాయన బెదిరిపోయి.

"మీ పని మీరు కానివ్వండి. మా చూపు మీ జేబు మీదే" అన్నాడు సూరిబాబు.

ఆయన పని కానివ్వకుండానే తిరిగొచ్చేశాడు.

తాటిగూడెం తొంభై కొట్టింది. మామూలు మనుషులు ఏడుగురూ ముందు దిగి, చెమటోడ్చి ఎనభై నాలుగు తెచ్చి అవుటయ్యారు. ఇంక ఏడు పరుగులు కావాలి. మూడు ఓవర్లున్నాయి. మిగిలింది అన్నదమ్ములే.

పైడిరాజు అప్పటికే ఓ కొసన ఉన్నాడు, రెండో కొసకి తవిటినాయుడు దిగాడు. తవిటినాయుడు కళ్ళు మూసుకుని గడ్డి కోసినట్టు బ్యాటు ఊపుతున్నాడు. బావగారు గట్టు మీంచి అరిచాడు: "చెయ్యి కాదురా, బుర్ర వాడు!"

అంతే. తర్వాతి బంతికి వాడు బ్యాటు కింద పారేసి నుదురు చాపాడు. టంగుమంది. బంతి నుదుటి మీంచి వెళ్ళి వికెట్లని పడగొట్టింది. నిమ్మకాయంత బొప్పితో వచ్చి, "వాడాను బావగారూ. ఇంకెవరికైనా కావాలా?" అన్నాడు.

బంగారునాయుడు దిగాడు. బంతి మోకాలి కిందనుంచి పోతోంది, వీడు భుజం మీదనుంచి ఊపుతున్నాడు. "ఒకటే పద్ధతయితే ఎలారా? ఎత్తు మార్చు, ఎత్తు!" అని బావగారు గొంతు చించుకున్నాడు.

ఇంకేముంది, వాడు పరుగున వెళ్ళి టీ కొట్లోంచి ముక్కాలిపీట తెచ్చి, దాని మీదెక్కి నిలబడ్డాడు. బంతి పీట కాళ్ళ మధ్య నుంచి హాయిగా వెళ్ళి వికెట్టుకి తగిలింది.

"ఇంకా ఎత్తుండాల్సింది. కొట్లో అంతకంటే పెద్దది లేదు" అన్నాడు.

సూరిబాబు దిగేముందు బావగారు పిచ్ దాకా వచ్చి పైడిరాజుకి చేతులు జోడించాడు. "బాబూ, ఏడంటే ఏడే పరుగులు. చేతిలో ఒక్క వికెట్టుంది. అది పోకుండా చూడు, చాలు."

"చేతిలోనా?" అని పైడిరాజు తన అరచేతులు చూసుకున్నాడు. రెండూ ఖాళీ. వెనక్కి తిరిగి, భూమిలోంచి మూడు వికెట్లూ పీకి చంకలో పెట్టుకున్నాడు. "ఒకటన్నారు, మూడున్నాయి బావగారూ! ఇప్పుడు రమ్మనండి బౌలర్ని!"

అంపైరు నవ్వాపుకోలేక వేలెత్తాడు. తాటిగూడెం వాళ్ళు కప్పుతో గంతులేశారు. ఏడుగురూ గడ్డి మీద తలలు పట్టుకు కూర్చున్నారు.

నరసింగరావు గట్టు మీద చతికిలబడి, "నలుగురిలో ఇంక తలెత్తుకోలేన్రా" అన్నాడు.

అన్నదమ్ములు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నలుగురంటే మనమే" అన్నాడు పైడిరాజు. "ఆయన ఎత్తుకోలేకపోతే మనం లేమూ?"

అంతే. ముగ్గురు ఆయన్ని వెల్లకిలా భుజాలకెత్తుకున్నారు. సూరిబాబు వెనక నడుస్తూ గడ్డం పట్టి తల పైకెత్తాడు. దవడ బిగిసి ఆయన నోరు పెగల్లేదు. అలా ఊళ్ళోకి వచ్చేసరికి అక్క వాకిట్లో ఉంది.

"ఏమైందిరా మీ బావకి?" అని కెవ్వుమంది.

"పోయిందక్కా! ఆఖరి ఓవర్లో పోయింది!" అన్నాడు పైడిరాజు.

ఆవిడ గుండెలు బాదుకుంటూ కూలబడింది. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చి ఏడుపు లంకించుకుంది. బావగారు కాళ్ళు తన్నుకుంటున్నాడు.

"చూశారా, ఎంత మంది వచ్చారో!" అన్నాడు సూరిబాబు గడ్డం ఇంకాస్త పైకి నొక్కుతూ. "ఇంకో వీధి తిప్పుదాం అన్నయ్యా, అందరూ చూడాలి."