మూడు ముడుల పీచు

“మీరు ఒక్క అడుగు ముందుకు వేయండి. ఆ అడుగు కింద పీచు పరిచే పూచీ మాది.”

అనగనగా ఒక అడవిలో ఒక మచ్చల దుప్పి ఉండేది. దాని తొడ మీది పుండులో, దారప్ప అనే నేతగాడు ఇచ్చిన మాట ఇది. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి. కథ మధ్యలో దారప్ప దీన్ని మరిచిపోతాడు. మనం మరిచిపోకూడదు.

దుప్పి ఒకరోజు వెదురు మోడు మీంచి దూకబోయి తొడ చీరుకుంది. నెత్తురు కారింది. కారి కారి గడ్డకట్టింది. పైన పెచ్చు కట్టింది, పెచ్చు కింద పుండు పచ్చిగానే ఉంది. రోజూ ఒక గోరింక వచ్చి దుప్పి వీపు మీద వాలేది. ముసిరే ఈగలను ఏరుకు తినేది.

“వదినా, మృగశిర కార్తె వచ్చేస్తోంది,” అంది గోరింక. “వానలు పడితే ఇన్ని ఈగలు నా ఒక్కదాని ముక్కుకు లొంగవు. ఆలోగా పుండు మూసుకోకపోతే పురుగు పడుతుంది. పురుగు పడితే నువ్వు పరుగెత్తలేవు. ఆ సంగతి చిరుతకు ఎవరూ వెళ్ళి చెప్పక్కర్లేదు.”

“నా చేతిలో ఏముంది? లోపలివాళ్ళు చూసుకోవాలి,” అంది దుప్పి.

లోపలివాళ్ళంటే కణాలు. మన ఒళ్ళయినా, దుప్పి ఒళ్ళయినా కణాలతోనే కట్టి ఉంటుంది. అవి కంటికి కనబడనంత చిన్నవి. పుండు అంచున చర్మపు కణాలుంటాయి. పుండు మీదుగా పాకి, అవతలి అంచు నుంచి పాకి వచ్చేవాళ్ళను కలుసుకోవడం వాటి పని. ఇద్దరూ కలిస్తే పుండు మూసుకున్నట్టే. కింద నేతకణాలుంటాయి. పాకేవాళ్ళ కోసం పీచు నేసి పరచడం వాటి పని. వాటికి పెద్ద దారప్ప, మొదట చెప్పిన మాట పాకేవాళ్ళకు ఇచ్చింది అతనే.

చర్మపు కణాలది ఒక చిత్రమైన బతుకు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటేనే అవి బతుకుతాయి. పట్టు తప్పిన కణం మిరియపు గింజలా గుండ్రంగా ముడుచుకుంటుంది. కాసేపు తేలుతుంది. తర్వాత చచ్చిపోతుంది. అందుకు జబ్బేమీ చేయనక్కర్లేదు.

అందుకే నేతకణాల్లో ఒక ఆచారం ఉంది. పీచులో అడుగడుగునా మూడు ముడులు వరసగా వేయాలి. రెండు చాలవు. వరస తప్పినా కుదరదు. చర్మపు కణానికి కళ్ళు లేవు, చేతులతో తడుముకుంటుంది. ఒకటి, రెండు, మూడు ముడులు తగిలాయంటే ‘ఇది మన నేలే’ అని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఆ గుండ్రటి కణం పెనం మీద అట్టుపిండిలా పల్చగా పరుచుకుంటుంది. ముందు చేయి చాపి మరో మూడు ముడులు దొరకబుచ్చుకుంటుంది. వెనక చేయి వదులుతుంది. అలా పాకుతుంది.

ఇవతలి అంచున ముందు వరసకు పెద్ద అంచమ్మ. వయసు చిన్నదే, గొంతు పెద్దది. నినాదాలంటే ఆమెకు ప్రాణం. ఎక్కడెక్కడివో నెత్తురులో కొట్టుకొస్తే ఏరి దాచుకునేది. “పాకేవాడిదే పీచు!” అని ఆమె అరిస్తే వరస మొత్తం “పీచు! పీచు!” అనేది.

ఆమె పక్కనే బుడిపి ఉండేది. నిన్నగాక మొన్న పుట్టిన కణం.

“అక్కా, అవతలివాళ్ళు ఎలా ఉంటారు?”

“మనలాగే ఉంటారే. వాళ్ళూ మనవైపే పాకుతున్నారు.”

“వాళ్ళకీ అక్క ఉంటుందా?”

“ఉండే ఉంటుంది. ఈ గొంతు మాత్రం ఉండదు.”

మొదటి రోజు దారప్ప నేతకణాలు ముడులు వేసి పీచు పరిచాయి. వరస పాకింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున గోరింక పెచ్చు దగ్గర ముక్కు పెట్టి కేకేసింది.

“ఏమయ్యా దారప్పా, నేత ఎంతదాకా వచ్చింది?”

“సాయంత్రానికి ముగుస్తుంది!” అన్నాడు దారప్ప.

అనేశాడు. అన్నాక చూసుకుంటే సగం పని మిగిలే ఉంది. ఆలస్యమంతా ముడుల దగ్గరే. పైనుంచి చూసేవాళ్ళకు పీచు మెరుపు తెలుస్తుంది గానీ ముడులు తెలియవు. “ముడులు మానేయండి, పరచండి,” అని తనవాళ్ళకు చెప్పాడు. సాయంత్రానికి పరుపు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తళతళలాడింది.

వరసలోంచి ఒక కణం అడుగు వేసింది. తడిమింది. జారిపోయింది. ఇంకో కణం వేసింది. అదీ జారిపోయింది.

“దారప్ప మావా, ముడులు తగలడం లేదంటున్నారు,” అంది అంచమ్మ.

“పట్టు చేతుల్లో ఉండాలమ్మాయ్, పీచులో కాదు,” అన్నాడు దారప్ప. “మీ తాతలు ఏనాడైనా ముడులు లెక్కపెట్టారా? త్యాగం లేనిదే పుండు మానదు.”

ఆ మాట అంచమ్మకు నచ్చింది. నినాదంలా ఉంది కదా. వెంటనే వరస వైపు తిరిగి గొంతెత్తింది.

“త్యాగం లేనిదే పుండు మానదు!”

“మానదు! మానదు!”

బుడిపి ముందుకు వచ్చింది. “అక్కా, చేతికి ఏమీ తగలడం లేదు.”

“ఇంకొంచెం చాపవే.”

“చాపాను.”

“ఇంకొంచెం.”

అక్క చెప్పింది కాబట్టి బుడిపి వెనక చేయి వదిలింది. ముందు చేయి నున్నటి పీచు మీద జారింది. పల్చగా పరుచుకోవలసిన పిల్ల గుండ్రంగా ముడుచుకుంది. పుండు చెమ్మలో కాసేపు తేలింది. మళ్ళీ “అక్కా” అనలేదు.

అంచమ్మ నోట నినాదం ఆగిపోయింది. అప్పుడు ఆమె తన చేయి చాపి పీచు తడిమింది. ఒక అడుగు, రెండు అడుగులు, మూడు అడుగులు. ఒక్క ముడీ లేదు. ఈ పని ఆమె ఇందాకే చేయవచ్చు. చేయలేదు.

“ఆగండి!” అంది. “ఎవరూ వెనక చేయి వదలొద్దు.”

వరస ఆగింది.

“ఏం, పుండు మూయొద్దా?” అన్నాడు దారప్ప. “దుప్పి పోతే నువ్వూ పోతావ్.”

“పోతాను మావా. అందుకే అడుగుతున్నాను. ముడులు వేయించు.”

“సాయంత్రానికి నేత ముగుస్తుందని గోరింకకు మాట ఇచ్చాను.”

“మాకూ ఇచ్చావు.”

దారప్ప మొహం వెనక్కి తిప్పుకున్నాడు. అతని వెనక ఒక నేతకణం వంగి ఒక ముడి వేసింది. పక్కది రెండోది వేసింది. మరొకటి మూడోది వేసింది. దారప్ప చూడకుండా కాదు, చూస్తుండగానే.

వరస మళ్ళీ కదిలింది, ఈసారి నినాదాలు లేకుండా. వాన ముందే వచ్చేసింది. గోరింక తిండి మాట మరిచి పగలంతా ఈగలను తోలింది. తొమ్మిదో రోజున ఇవతలి చేతికి అవతలి చేయి తగిలింది.

“మీ వైపు అక్క ఎవరు?” అని అడిగింది అవతలి కణం.

“నేనే.”

“నీ గొంతు మాకు వినబడేది. దాన్ని పట్టుకునే ఇటు పాకాం. మధ్యలో ఆగిపోయిందేం?”



దుప్పి బతికింది. పుండు మూసుకుంది, బియ్యపు గింజంత చోటు తప్ప. అక్కడ ముడులు లేని పీచు ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. అందుకే పరుగులో ఆ కాలు అర అడుగు వెనకబడుతుంది. గోరింక ఇంకా రోజూ రావలసి వస్తోంది.

అంచమ్మ దారప్పకు కబురు పంపింది. “ఇద్దరు జారాక కూడా తడిమి చూడకుండా బుడిపిని పంపింది నేను. నా తప్పు నేను చెప్పాను. ముడులు మానమన్నది ఎందుకో నువ్వు చెప్పు. ఆ గింజంత చోట పీచు విప్పి ఎప్పుడు నేస్తావో చెప్పు. జారిపోయిన ముగ్గురిలో ఒక్కరి పేరైనా నీకు తెలుసా, అదీ చెప్పు.”

దారప్ప ఇంతవరకు నోరు విప్పలేదు.

నీతి: ఎవరినైనా అడుగు వేయమనే ముందు ఆ నేలను మన చేత్తో తడిమి చూడాలి, నేలకు పూచీ పడినవాడు జవాబు చెప్పాలి, దారప్పకు గడువు ఆషాఢ శుద్ధ పంచమి.