మూడుసార్లు ఏరు దాటిన ఎలుగు

అనగనగా, వేసవి తొలిరోజుల్లో ఇప్పపువ్వు వాసనకి చెట్లు కూడా కునికిపాట్లు పడే ఒక అడవి. ఆ అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒళ్లంతా బొచ్చు, మనసంతా మెత్తన.

ఒకరోజు తేనె కోసం మద్దిచెట్టెక్కి, పట్టు తప్పి కిందపడ్డాడు. భుజం బెణికింది. ఎలుగులు పడుకునేది పగలే కదా. బొంతయ్యకి ఆ పగలంతా అటు దొర్లడం, ఇటు దొర్లడం, మూలగడంతోనే సరిపోయేది.

నాలుగోరోజు ఏదవ్వ దగ్గరికి వెళ్లాడు. ఏదవ్వ ముసలి ఏదుపంది, ఒళ్లంతా ముళ్లే. ఏ వేరు ఏ రోగానికో ఆ అడవిలో ఆమెకే తెలుసు.

"అవ్వా, నొప్పికి ఓర్చుకుంటాను. నిద్ర లేకపోతే ఓర్చుకోలేను," అన్నాడు బొంతయ్య.

ఏదవ్వ ఒక నల్లటి గడ్డ ఇచ్చింది. "ఇది మగతగడ్డ. తెల్లారి గోరంత కొరుకు. గోరంతే. ఇది తింటున్నన్నాళ్లు పులిసిన ఇప్పపువ్వు ముట్టకు."

"ఎందుకవ్వా? నేను పాలు మానినప్పటి నుంచీ ఇప్పపువ్వు తింటున్నాను."

"ఈ గడ్డ ఊపిరిని నెమ్మదిగా నడిపిస్తుంది నాయనా. పులిసిన పువ్వూ అదే పని చేస్తుంది. రెండూ చెరోచెయ్యీ పట్టుకుంటే ఊపిరి నడవడమే మరిచిపోతుంది."

బొంతయ్య తలూపాడు. మూడు రోజులు గోరంత గడ్డ తిని, హాయిగా నిద్రపోయాడు.

నాలుగోరోజు పూలవాటా వచ్చింది. అంటే ఏమిటో చెప్తాను వినండి. రాలిన ఇప్పపూలన్నీ ఏటి ఒడ్డున ఒక రాతిగుంటలో పోసి, నీళ్లు కలిపి పులియనిస్తారు. అది పులిశాక మధ్యాహ్నం పూట అందరూ చేరి, ఆకుదొప్పలతో తలా కాస్త తాగుతారు. వాటా వద్దన్నవాణ్ని ఏడాదంతా ఆటపట్టిస్తారు.

ఆ రోజు కూడా తెల్లారే గడ్డ కొరికి పడుకున్న బొంతయ్యకి, ఎండ నడినెత్తికి వచ్చాక ఆ వాసన తగిలింది. కాళ్లు వాటంతట అవే ఏటివైపు నడిచాయి. దొప్ప మాత్రం పట్టలేదు.

"ఏమోయ్ బొంతయ్యా, పెళ్లికొచ్చి భోజనం వద్దంటున్నావు?" అన్నాడు అడవిపంది గొర్రుమామ.

"అవ్వ ఇచ్చిన మందు తింటున్నాను మామా."

"ఓరి పిచ్చివాడా. ఏరు దాటితే మందు ఆ ఒడ్డునే ఆగిపోతుంది. మా తాత చెప్పాడు. అనుమానంగా ఉంటే మూడుసార్లు దాటి రా."

బొంతయ్య స్నేహితుడు మసెన్న ఒక కొండముచ్చు. కొమ్మ మీది నుంచి కిందికి దిగి, "బావా, పోయి అవ్వను అడిగి రానా?" అన్నాడు.

"వద్దు బావా. అడిగితే వద్దంటుంది."

బొంతయ్య ఏట్లో దిగాడు. మొదటిసారి దాటితే చలి వేసింది. రెండోసారి దాటితే చేపలు కాళ్లకి చక్కిలిగింతలు పెట్టాయి. మూడోసారి దాటి వచ్చేసరికి మందంతా నీళ్లలో కొట్టుకుపోయి, ఒళ్లు తేలికైనట్టే ఉంది.

ఒక దొప్ప తాగాడు. ఏమీ కాలేదు.

"చూశావా?" అన్నాడు గొర్రుమామ.

రెండో దొప్ప తాగాడు. మూడో దొప్పా తాగాడు. ఇంతలో చన్నీళ్లలో నానిన భుజం సలపడం మొదలుపెట్టింది. తెల్లారి గడ్డ తిన్నానా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తిననట్టే ఉందిలే అనుకుని, చంకలో దాచుకున్న గడ్డ తీసి, వేలెడు ముక్క కొరికాడు.

అది మసెన్న చూశాడు.

"ఎవరికీ చెప్పకు బావా," అన్నాడు బొంతయ్య, నాలుక మడతపడుతుంటే. "అవ్వకి అసలే చెప్పకు. ఒట్టెయ్యి."

మసెన్న ఒట్టేశాడు.

బొంతయ్య ఇసుకలో వాలిపోయాడు. ఇసుక మెత్తగా కిందికి దిగింది. అడుగున ఇంకో ఏరు ఉంది. అందులో నీళ్లు లేవు, అన్నీ ఇప్పపూలే. పసుపురంగు పూలు వెచ్చగా వీపు కింద కదులుతూ అతన్ని మోసుకుపోతున్నాయి. భుజం నొప్పి లేదు. ఆ మాటకొస్తే భుజమే లేదు. ఊపిరి తీయాలని ఒకసారి గుర్తొచ్చింది. అదొక పెద్ద పనిలా తోచింది. తర్వాత తీద్దాంలే అనుకున్నాడు.

పైన ఒడ్డు మీద అందరూ నవ్వుతున్నారు.

"గురక చూడు, ఎంత హాయిగా పడుకున్నాడో. లేపకండి, నిద్రపోతే మత్తు అదే దిగుతుంది," అన్నాడు గొర్రుమామ.

మసెన్న నవ్వలేదు. అది రోజూ వినే గురకలా లేదు. ముంచిన కుండలో నీళ్లు గుడగుడలాడినట్టుంది. ఉన్నట్టుండి ఆ చప్పుడూ ఆగింది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య ఒక ఆకు రాలింది. రెండో ఆకు రాలింది. మూడో ఆకు కూడా రాలింది. మసెన్న పట్టి కుదిపాడు. పిలిచాడు. చెవి గిల్లాడు. బొంతయ్య కదల్లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

"మామా, పరుగెత్తి అవ్వను తీసుకురా. నేను వీణ్ని వదిలి రాను."

"అవ్వ తిడుతుందిరా."

"తిట్టనీ. పో."

గొర్రుమామ పొదలు చీల్చుకుంటూ పరుగెత్తాడు. బొంతయ్య గొంతులో ఏదీ అడ్డుపడకుండా మసెన్న అతన్ని బలమంతా పెట్టి పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పాడు.

ఏదవ్వ రొప్పుతూ వచ్చింది. "ఏం తిన్నాడు? ఎంత తిన్నాడు? ఎప్పుడు తిన్నాడు?"

మసెన్నకి ఒట్టు గుర్తొచ్చింది. బొంతయ్య ముఖం వైపు చూశాడు. మళ్లీ ఒక ఆకు రాలింది.

"తెల్లారి గోరంత గడ్డ. మధ్యాహ్నం మూడు దొప్పలు. దాని మీద వేలెడు గడ్డ, ఇప్పుడే," అన్నాడు.

ఏదవ్వ గడ్డకి విరుగుడైన ఘాటాకు నలిపి ముక్కు దగ్గర పెట్టింది. ఊపిరి ఆగినప్పుడల్లా తన ముల్లుతో అరికాల్లో పొడిచింది. "తియ్యి నాయనా. ఊపిరి తియ్యి."

పూల ఏట్లో పోతున్న బొంతయ్యకి అరికాల్లో ఒక చుక్క మెరిసింది. చిరాకేసి ఒక ఊపిరి తీశాడు. మళ్లీ మెరిసింది. మళ్లీ తీశాడు. ఎవరో ఎంతో దూరం నుంచి తన పేరు పిలుస్తున్నారు. పూలు వద్దంటున్నాయి. కాలు మాత్రం మండుతోంది.

పొద్దు వాలుతుండగా కళ్లు తెరిచాడు.

"చాలాసేపు నిద్రపోయానా బావా?"

"అది నిద్ర కాదు బావా."

"ఎంతో హాయిగా ఉంది మరి."

"నా భయమూ అదే," అంది ఏదవ్వ. "ఊపిరి పోతుంటే, పోతోందని ఆ మత్తు చెప్పదు."

గొర్రుమామ నేల చూస్తూ గొణిగాడు. "మరి ఏరు దాటాడు కదా అవ్వా, మూడుసార్లు."

"దాటాడు. కడుపులో ఉన్న గడ్డ కూడా వాడితో పాటే దాటింది, మూడుసార్లు."

మసెన్న తల దించుకున్నాడు. "నీ ఒట్టు తప్పాను బావా."

బొంతయ్య మసెన్న చెయ్యి అందుకుని, తన గుండెల మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది. కిందికి దిగింది. మళ్లీ లేచింది.

నీతి: నిద్రమందునీ మత్తునీ కలిపితే ఊపిరే ఆగిపోతుంది, కలిపినవాడు పిలిచినా లేవకపోతే నిద్రేలే అనుకోకండి, ఒంటరిగా వదలకండి, వైద్యుడికి నిజం దాచకండి.