చిటికమ్మ కనిపెట్టిన జాతులు

అనగనగా, వాన ఎప్పుడూ పూర్తిగా ఆగని ఒక అడవిలో, కుళ్ళిన దుంగ కింద కొన్ని చీమలు కాపురం ఉండేవి.

మామూలు చీమలు కావు. వాటి దవడలు పొడుగు. తలుపు రెక్కల్లా బార్లా తెరిచి పెట్టుకుని నడుస్తాయి. దవడల మధ్య సన్నటి వెంట్రుకలుంటాయి. వాటికి ఏదైనా తగిలిందా, టప్! దవడలు మూసుకుపోతాయి. ఏం తగిలింది, ఎందుకు తగిలింది అని ఆలోచించేది ఆ తర్వాతే. నోరు ముందు, బుర్ర తర్వాత. నవ్వకండి. మన ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరున్నారు. మీకు అన్నం పెడుతోంది ఆవిడే.

ఆ గూటి గుమ్మం దగ్గర చిటికమ్మ అనే చీమ కూర్చునేది. వచ్చినవాళ్ళు ఏ జాతివాళ్ళో తేల్చడం ఆమె పని. ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు. తనే తీసుకుంది.

"రంగు చూడాలి. ఊరు అడగాలి. అంతే, తెలిసిపోతుంది," అనేది.

చిటికమ్మ దగ్గర నలుసు అనే పిల్ల చీమ పెరిగేది. గుడ్డుగా ఉన్నప్పటి నుంచి చిటికమ్మే సాకింది. తెల్లారితే పాఠం.

"ఎర్ర దవడలవాళ్ళు ఎవరు?"

"మనం, అమ్మా."

"మిగతావాళ్ళు?"

"పరాయివాళ్ళు."

"పరాయివాళ్ళు ఏదైనా చెబితే?"

"వినకూడదు."

"నా బంగారుతల్లే!"

ఒకరోజు నలుసు అడిగింది. "అమ్మా, మన దవడల్ని గట్టి దేనికైనా వేసి కొడితే గాల్లోకి ఎగరొచ్చటగా. నాకూ నేర్పవా?"

"గెంతులు తర్వాత. ముందు పాఠం," అంది చిటికమ్మ.

ఆ వానల్లో ఒక నల్లటి చీమ గుమ్మం దగ్గరకొచ్చింది. తడిసి ముద్దయింది.

"అక్కా, నన్ను కాటుకమ్మ అంటారు. మీవాళ్ళమే. ఎప్పుడో వరదకి ఈ దుంగ సగం విరిగి కొట్టుకుపోయిందట. అందులో ఉన్న మా అమ్మమ్మలు సముద్రం ఒడ్డుకి చేరారు. ఇప్పుడు కొబ్బరికాయల పడవలో పీచు మధ్య దాక్కుని వచ్చాను. వాన తగ్గేదాకా కాస్త చోటిస్తావా?"

చిటికమ్మ ఎగాదిగా చూసింది. "మేం ఎరుపు. నువ్వు నలుపు. మాది అడవి. మీది సముద్రం."

"అక్కడి ఎండకీ ఉప్పుగాలికీ ఇలా అయ్యాం అక్కా. దవడలు చూడు, ఒకటే కదా." కాటుకమ్మ ఒక అడుగు ముందుకేసింది.

చిటికమ్మ దవడల వెంట్రుకకి తగిలింది. టప్!

కాటుకమ్మ ఎగిరి ఎండుటాకుల్లో పడింది. చిటికమ్మ 'అయ్యో' అనబోయింది. వేరే జాతికి 'అయ్యో' అనొచ్చో లేదో తెలియక ఊరుకుంది. లోపలికి తిరిగి, "ఇదిగో, కొత్త జాతి కనిపెట్టాను. పేరు నల్ల దవడ," అని చెప్పింది. చీమలన్నీ మెచ్చుకున్నాయి.

మర్నాడు తేనెరంగు చీమ వచ్చింది. పేరు తేనెమ్మ. కొండమీది తోట నుంచి, మొక్కల కుండీ మట్టిలో ప్రయాణం చేసి వచ్చింది. ఆమెదీ అదే కథ. అదే వరద, అదే దుంగ.

"అందరికీ ఒకే దుంగ దొరికింది చుట్టరికం కలపడానికి!" అని చిటికమ్మ వెటకారమాడింది. "నువ్వు తేనె దవడవి. పో."

"పేరు బాగానే పెట్టావు అక్కా. చోటు కూడా పెట్టుంటే ఇంకా బాగుండేది," అని తేనెమ్మ వానలోకి వెళ్ళిపోయింది.

చీమలు ఈసారి ఇంకా మెచ్చుకున్నాయి. చిటికమ్మ మెడ ఇంకాస్త పైకి లేచింది. చీమకి మెడ ఎంతుంటుందని అడక్కండి. ఉన్నంత మటుకు లేచింది.

వాన తెరిపిచ్చింది. దుంగకి అవతల ఒక బండ ఉంది. దాని కింద ఇసుక ఎప్పుడూ పొడిగా ఉంటుంది. నలుసు ఎవరికీ చెప్పకుండా అక్కడికి పోయింది. గెంతులు తనంతట తనే నేర్చుకుందామని. అమ్మ నేర్పనంటే పిల్లలు మానేస్తారా? ఎక్కడో దొంగతనంగా నేర్చుకుంటారు.

ఆ ఇసుకలో గరాటులాంటి గుంట ఉంది. అడుగున గుంటపురుగు ఉంది. జారిపడ్డవాళ్ళని తినడమే దాని పని. నలుసు జారిపడింది.

చోటు దొరకని కాటుకమ్మ, తేనెమ్మ ఆ బండ కిందే తలదాచుకున్నారు. వాళ్ళు చూశారు. తేనెమ్మ గూటికి పరుగెత్తింది.

"అక్కా! మీ పిల్ల గుంటలో పడింది!"

"నువ్వు ఏ జా..." అనబోయిన చిటికమ్మ అక్కడే ఆగిపోయింది. "గరికా, గుమ్మం చూసుకో! రంగు చూడు, ఊరు అడుగు!" అని చెల్లెలికి అరిచి పరుగు తీసింది. కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. ఆరు కాళ్ళూ.

గుంట అంచున కాటుకమ్మ వంగి అరుస్తోంది. "పాపా! దవడలు తెరువు! పురుగు దగ్గరికి రాగానే దాని తలమీద కొట్టు!"

నలుసు వినలేదు. ఇసుక పట్టుకుని పాకుతోంది. జారుతోంది. మళ్ళీ పాకింది. మళ్ళీ జారింది. అడుగున పురుగు ఇసుక విసురుతోంది.

"విను తల్లీ!" అంది కాటుకమ్మ.

"నువ్వు నల్ల దవడవి. నీ మాట వినకూడదు," అని నలుసు ఏడుస్తూ చెప్పింది. అప్పుడే పైన చిటికమ్మని చూసింది. "అమ్మా! నేను వినలేదమ్మా! పాఠం మర్చిపోలేదు!"

చిటికమ్మ అంచు మీంచి వంగి చూసింది. పిల్ల ఎంత బాగా చదువుకుంది! ఎంత బాగా చెప్పింది తను!

నలుసు మూడోసారి జారింది. ఈసారి అడుగుదాకా. పురుగు కొమ్ముల్లాంటి కోరలు కదిలాయి.

"మనవాళ్ళే నలుసూ!" చిటికమ్మ అరిచింది. "అమ్మకి తెలియలేదు! కాటుకమ్మ చెప్పినట్టు చెయ్యి! తలమీద కొట్టు!"

నలుసు తిరిగింది. దవడలు బార్లా తెరిచింది. పురుగు తల నలుసు దవడల వెంట్రుకకి తగిలింది.

టప్!

నలుసు గాల్లోకి లేచింది. గుంట దాటి, బండ నీడ దాటి, సరిగ్గా వెనకే పరుగెత్తుకొస్తున్న తేనెమ్మ వీపుమీద పడింది.

"బాగా ఎగిరావమ్మా," అంది తేనెమ్మ నడుం పట్టుకుని. "దిగడం ఇంకోరోజు నేర్చుకుందాం."

చిటికమ్మ పిల్లని తడిమి తడిమి చూసుకుంది. తర్వాత కాటుకమ్మ వైపు తిరిగింది. "నిన్న నిన్ను కొట్టాను."

"కొట్టావు. ఆ టప్ వినగానే అనుకున్నాను, అచ్చం మా అమ్మే అని," అంది కాటుకమ్మ.

నలుగురూ ఇంటిదారి పట్టారు. ఒంటినిండా ఇసుకదుమ్ము. గుమ్మంలో గరిక అడ్డు నిలిచింది.

"ఏ రంగు? బూడిద రంగు. ఏ ఊరు?"

"ఈ ఊరే! నేనే గరికా, మీ అక్కని!"

"మా అక్క ఎరుపు," అంది గరిక. "అక్క గొంతుతో మాట్లాడే జాతి కూడా ఉందన్నమాట! బూడిద దవడ అని పేరు పెడుతుంది మా అక్క. వచ్చేదాకా దూరంగా నిలబడండి."

నలుసు కిసుక్కున నవ్వింది. చిటికమ్మకి కోపం రాబోయింది. ఆ కోపమే ఎవరి మీద రావాలో తెలియక తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. నలుగురూ పక్కపక్కనే నిలబడి, గరిక చూస్తుండగా, దవడలు తెరిచి దుంగకి ఒకేసారి తాకించారు.

టప్!

నాలుగు చప్పుళ్ళు కాదు. ఒకటే వినిపించింది. "ఇది మన టప్పే," అని గరిక గుమ్మం వదిలింది.

లోపల చీమలు అడిగాయి. "చిటికమ్మా, ఇప్పటికి ఎన్ని జాతులు తేలాయి?"

"నేను కనిపెట్టినవి రెండు, గరిక కనిపెట్టింది ఒకటి," అంది చిటికమ్మ, కాటుకమ్మకి తన చోటు ఇస్తూ. "చివరికి మిగిలింది ఒకటే. అదీ నేను పుట్టకముందు నుంచే ఉంది."

నీతి: ఎవరి మాట వినకూడదో పిల్లలకి నేర్పే ముందు, గుంటలో పడితే ఎలా పైకి రావాలో నేర్పండి. ఆ దారి చెప్పేది మనం పరాయివాళ్ళన్నవాళ్ళే కావచ్చు.