గేదె కోసం పట్టిన గొంతు

నూకలవలసలో తెలివైనవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే తవిటినాయుడి ఇంటివైపు వేలు చూపిస్తారు. చూపించేది ఆ ఇంటివాళ్ళే. ఊళ్ళో సగం మందికి, ఈ కథ చెప్పేవాడితో సహా, ఆ ఇంటితో ఏదో ఒక చుట్టరికం ఉంది. కాబట్టి నవ్వేవాళ్ళు కాస్త వెనకాముందూ చూసుకుని నవ్వాలి.

"ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే నాలుగు ఊహించుకుంటారు. అందుకే వాళ్ళ పనులు చెడిపోతాయి. మా ఇంట్లో అలగ కాదు. చెప్పింది చెప్పినట్టు వింటాం, విన్నది విన్నట్టు చేస్తాం" అని తవిటినాయుడు అరుగు మీద కూర్చుని రోజూ చెప్పేవాడు. వట్టి మాట కాదు. వ్యవసాయ ఆఫీసరు ఓసారి "విత్తనాలు నీడలో ఆరబెట్టండి" అన్నాడు. అంతే, తమ్ముడు పోలినాయుడు వాకిట్లో విత్తనాలు పరిచి, పొద్దు తిరిగినవైపల్లా గొడుగు తిప్పుతూ సాయంత్రం దాకా నిలబడ్డాడు. పక్కనే ఇంటి చూరు కింద బోలెడంత నీడ ఉంది. కానీ ఆఫీసరు చూరు మాట ఎత్తలేదు కదా.

తవిటినాయుడికి ఉన్నది ఒకే ఒక్క దిగులు. తల్లి చిన్నమ్మడు ఆరేళ్ళుగా కాశీ వెళ్ళాలనుకుంటోంది, ఆరేళ్ళుగా గేదె వెళ్ళనివ్వటం లేదు. ఆ గేదె చిన్నమ్మడు గొంతు వింటే తప్ప చేపదు. ఆవిడ పక్కన నిలబడి నాలుగు మాటలు మాట్లాడితేనే పొదుగులోకి పాలు దిగుతాయి. ఇంకెవరు కూర్చున్నా ఎండిన సొరకాయ పిండినట్టే. ఈసారి ఊరి ఆడవాళ్ళందరూ జట్టుగా వెళుతున్నారు. టిక్కెట్లు తీశారు. రేపు తెల్లవారే బండి.

"నేను రాను. ఇరవై రోజులు పాలు పిండకపోతే గేదె వట్టిపోతుంది. విశ్వనాథుడికి నా మీద దయ ఉంటే ఆయనే ఇక్కడికొస్తాడు" అంది చిన్నమ్మడు, ఆకు నములుతూ.

తవిటినాయుడు లెక్కేసుకున్నాడు. అమ్మకి అరవై తొమ్మిది. ఇంకో ఆరేళ్ళు ఆగితే విశ్వనాథుడు నిజంగానే వచ్చేస్తాడు.

అప్పుడు భార్య గౌరమ్మకి ఆలోచన వచ్చింది. ఆవిడ తమ్ముడు జోగినాయుడు పార్వతీపురంలో పెళ్ళిళ్ళకి సినిమాలు తీస్తాడు. వాడి దగ్గర గుప్పెట్లో పట్టేంత సినిమా కెమెరా ఉంది. "అత్త గొంతు అందులో పట్టేస్తే సరి. గేదెకి బొమ్మ అక్కర్లేదు కదా, గొంతు చాలు."

మధ్యాహ్నానికి జోగినాయుడు కెమెరా పట్టుకుని వచ్చాడు. వాడికి అవతల ఓ పెళ్ళి ఉంది. నిలబడే గబగబా చెప్పాడు.

"బావా, బొమ్మ ఎలగైనా వస్తుంది, శబ్దమే కష్టం. ఈ కెమెరాలో ఉన్న మైకుని అస్సలు నమ్మకు. ఇదిగో, ఈ బుల్లి మైకు నోటికి జానెడు దూరంలో పెట్టు. దీనికి వైరు లేదు, ఎంత దూరమున్నా వినిపిస్తుంది. గాలి కొట్టకుండా ఓ బొచ్చు తొడుగు ఉండాలి, అదెక్కడో పారేసుకున్నాను. బొచ్చున్నది ఏదైనా చూసి దాంట్లో పెట్టు. చుట్టుపక్కల ఏ చప్పుడూ ఉండకూడదు. ఈ చెవుల డిప్పలు పెట్టుకుని వింటూ ఉండు. ఇంకోటి, మాట్లాడుతుంటే తెర మీద పచ్చ గీతలు లేస్తాయి. ఎరుపు మాత్రం రానీకు. ఎరుపొచ్చిందా, గొంతు పగిలిపోతుంది. ఆనక ఎవరూ బాగుచెయ్యలేరు."

తవిటినాయుడు అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని తలూపాడు. జోగినాయుడు రికార్డు మీట నొక్కి చూపించి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, పని మొదలైంది.

ముందు ఆ నమ్మకూడని మైకు సంగతి చూడాలి. తవిటినాయుడు కెమెరా చుట్టూ తువ్వాలు బిగించి కట్టి, అందరినీ దొడ్లోకి పిలిచి గుసగుసగా చెప్పాడు. "దాని ముందు ఇంటి గుట్టు ఎవరూ మాట్లాడకండి. నమ్మదగ్గది కాదట."

"మరి పెళ్ళిళ్ళకెలా తీసుకెళతాడు మా తమ్ముడు, అలాంటిదాన్ని?" అంది గౌరమ్మ.

"అందుకే పెళ్ళిళ్ళలో అన్ని గొడవలు."

తరవాత చప్పుళ్ళు. ఫ్యాను ఆపారు. ఫ్రిజ్జు ఆపారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. కోళ్ళని గంప కింద మూశారు. గౌరమ్మ గాజులు తీసి కొంగులో కట్టుకుంది. అంతలో గేదె "బుస్" మంది. అంతే, పోలినాయుడు దాన్ని తోలుకెళ్ళి ఊరవతల చెరకు తోటలో కట్టేసి వచ్చాడు.

చిన్నమ్మడు ఖాళీ పలుపుతాడు వంక చూసి, "గేదె లేకుండా ఎవరితో మాట్లాడనురా?" అంది.

నిజమే. తవిటినాయుడు ఆలోచించి తమ్ముణ్ణి గేదెని చేశాడు. పోలినాయుడు నల్ల గొంగళి కప్పుకుని, నాలుగు కాళ్ళ మీద వంగి, పలుపు మెడకి వేసుకున్నాడు.

"తోక?" అన్నాడు గొంగళి లోంచి.

"ఇది శబ్దం పట్టేది. తోకెందుకు?"

"ఊపకపోతే అమ్మకి గేదె అనిపించదు కదా అన్నా."

గౌరమ్మ చీపురు తెచ్చి దోపింది.

ఇక ఎరుపు. ఎరుపొస్తే అమ్మ గొంతు పగిలిపోతుంది, ఎవరూ బాగుచెయ్యలేరు. తవిటినాయుడు వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు అయిదు గంపలు గబగబా ఇంట్లోకి మోశాడు. గౌరమ్మ ఎర్రచీర విప్పి ఆకుపచ్చ చీర కట్టుకొచ్చింది. గంప సందులోంచి పుంజు తలెత్తింది, దాని తురాయి మీద జేబురుమాలు కట్టారు. ఎదురింటి కిష్టమ్మ ఎర్రటి టమాటాలు పట్టుకుని పలకరించబోతే, "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, మా అమ్మని బతకనీ" అని తలుపు వేశాడు. కిష్టమ్మ ఆ మాట ఊరంతా మోసింది.

అన్నీ అయ్యాక తవిటినాయుడు తల్లి ఎదురుగా కూర్చుని, "ఇంక మాట్లాడమ్మా" అన్నాడు.

చిన్నమ్మడు నోరు తెరిచింది. ఆకూవక్కా నమిలిన నోరు. లోపలంతా మందారమే.

"ముయ్యి, ముయ్యి" అని తవిటినాయుడు రెండు చేతులతో తల్లి నోరు మూసేశాడు. "ఎరుపు నీ గొంతు దాకా వచ్చేసింది. ఇంకొంచెమైతే పగిలిపోయేది."

తొమ్మిదిసార్లు పుక్కిలించింది చిన్నమ్మడు. కాశీ కోసమని ఓర్చుకుంది. పదోసారి చెంబు ఇవ్వబోతే, "నా నోరు కడిగే నీళ్ళతో పోలిగాడి మడి తడిసేది" అని చెంబు విసిరేసింది.

మిగిలింది బొచ్చు. ఇంట్లో బొచ్చున్నది ఏముంది? దొడ్లో గొర్రె ఉంది. తవిటినాయుడు బుల్లి మైకుని గొర్రె మెడ మీది ఉన్నిలో దోపి, జారిపోకుండా దారంతో కట్టాడు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. కాబట్టి గొర్రెని ఎత్తి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టాడు. జాన కొలిచాడు. గొర్రె మొహం, అమ్మ మొహం ఎదురెదురుగా ఉన్నాయి. ఇద్దరికీ నచ్చలేదు.

తువ్వాలు కట్టిన కెమెరా మీట నొక్కి, చెవుల డిప్పలు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. వినాలంటే చూడకూడదు కదా. "కానివ్వమ్మా."

చిన్నమ్మడు తుమ్మింది. గొర్రె ఒళ్ళోంచి ఒక్క దూకు దూకి, గొంగళి గేదె మీదుగా పెరటి దడి దాటి పోయింది. పోలినాయుడు గేదె కాబట్టి పట్టుకోలేదు. గౌరమ్మ అరవబోయి, చప్పుడు చెయ్యకూడదు కాబట్టి ఊరుకుంది.

తవిటినాయుడు మాత్రం చెవులు రిక్కించి వింటున్నాడు. కాసేపు దడదడ. తరవాత కరకర, కరకర, నములుతున్న చప్పుడు.

"అమ్మా, రికార్డింగులో తినకు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నేనేటి తిన్నానురా?"

డిప్పల్లో ఆ మాట వినబడలేదు. మళ్ళీ కరకర. "చెబుతుంటే నీక్కాదా? ఇంతలేసి నములుడేటి? పొద్దున్న నుంచి తిండి పెట్టలేదేటి గౌరి?" ఇంతలో డిప్పల్లో "మే" అని వినబడింది. "అమ్మ గొంతు పగిలిపోయిందే గౌరీ" అని భోరుమన్నాడు.

చిన్నమ్మడికి ఇక ఓపిక చచ్చిపోయింది. లేచింది. కొడుకు చెవుల మీది డిప్పలు లాగి మెడకి దించింది. పెరట్లోకి వెళ్ళి గొర్రెని పట్టి, దారం తెంపి, బుల్లి మైకు పారేద్దామని చూసి, పరాయివాళ్ళ సొమ్మని కొంగుకి గుచ్చుకుంది. చెరకు తోట నుంచి గేదెని తనే తోలుకొచ్చింది. పాలవేళ దాటిపోతోంది. పాకలో దాని పక్కన నిలబడి, అలవాటు ప్రకారం మాట్లాడింది.

"నిలబడు తల్లీ. నా బంగారానివి కదూ. అలగ నిలబడు. కదలకు, కాలు మెదపకు. నేను చెప్పేదాకా ఉన్నచోటే ఉండు."

గేదె చేపింది. చెంబు నిండింది. తువ్వాలు కప్పిన కెమెరా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

సాయంత్రం జోగినాయుడు వచ్చి విన్నాడు. ముందంతా గొర్రె. తరవాత చిన్నమ్మడు. వాడు నోరు తెరిచాడు. "బావా, ఇంత శుభ్రంగా నాక్కూడా ఎప్పుడూ పట్టుబడలేదు. ఎలగ పట్టావేటి?"

"చెప్పింది చెప్పినట్టు చేశాం" అన్నాడు తవిటినాయుడు.

జోగినాయుడు ఆ నాలుగు మాటలు మాత్రం ఓ చిన్న స్పీకరు పెట్టెలోకి ఎక్కించాడు. మీట నొక్కితే, ఆపేదాకా అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి.

తెల్లవారుజామున చిన్నమ్మడు మూట కట్టుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆగి ముగ్గురికీ చెప్పింది. "ఏడింటికి బండి బొబ్బిలిలో ఆగుతుంది. అక్కణ్ణుంచి ఫోను చేస్తాను. గేదె చేపిందంటే ముందుకెళతాను. లేదంటే దిగిపోయి వెనక్కొచ్చేస్తాను. నేను లేని ఇరవై రోజులూ నా మాట జవదాటకండి."

"ప్రాణం పోయినా దాటం" అన్నాడు తవిటినాయుడు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆరున్నరకి పాకలో కూర్చున్నారు. తవిటినాయుడు గేదె కింద చెంబు పట్టి, చేతులు పొదుగు మీద వేశాడు. పోలినాయుడు దూడని తాడుతో పట్టుకున్నాడు. గౌరమ్మ పెట్టె మీట నొక్కింది. ఫోను పాక స్తంభానికి తగిలించిన సంచిలో ఉంది.

"నిలబడు తల్లీ. నా బంగారానివి కదూ. అలగ నిలబడు."

అచ్చం అమ్మే. పక్కన నిలబడినట్టే ఉంది. తవిటినాయుడి ఒళ్ళు పులకరించింది. గేదె చెవి కదిపింది, కళ్ళు అరమూసింది. పొదుగు బిగిసింది. చేతికింద పాలు దిగుతున్నాయి. చేపింది. ఆరేళ్ళ దిగులు ఒక్క నిమిషంలో తీరిపోయింది. తవిటినాయుడు వేళ్ళు బిగించి పిండబోయాడు.

"కదలకు, కాలు మెదపకు. నేను చెప్పేదాకా ఉన్నచోటే ఉండు."

అంతే. తవిటినాయుడి వేళ్ళు ఆగిపోయాయి. గౌరమ్మ చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది. పోలినాయుడు ఒంటికాలి మీద ఉన్నాడు, రెండోది దింపుతుండగా మాట వచ్చింది.

దూడకి ఎవరి మాటా పట్టదు. అది తాడు లాక్కుని వచ్చి, చెంబు తన్నేసి, తవిటినాయుడి చేతుల మధ్యలోంచి తల దూర్చి తాగటం మొదలుపెట్టింది.

ఏడయింది. సంచిలో ఫోను మోగింది.

"అన్నా, అమ్మ" అన్నాడు పోలినాయుడు పెదవులు కదపకుండా.

"తెలుసు."

"చేపిందని చెప్పాలి కదా."

"చెప్పాలి. కానీ కదలొద్దని అమ్మే అంటోంది కదరా. ఫోను ఆవిడే చేస్తోంది, ఎత్తకుండా ఆవిడే ఆపుతోంది. అమ్మ మాటకి ఏదో అర్థం ఉంటుంది."

ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు గౌరమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. నాలుగోసారి మోగలేదు. బొబ్బిలిలో బండి రెండు నిమిషాలే ఆగుతుంది.

తొమ్మిది కావస్తుండగా వీధిలో ఆటో వచ్చి ఆగింది. చిన్నమ్మడు మూటతో దిగింది. జట్టంతా కాశీకి పోయింది, తను మిగిలింది. ఇంట్లో ఎవరికేమైందోనని దారిపొడుగునా ఏడ్చుకుంటూ వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే పాకలో దూడ కడుపు డోలులా ఉంది, గేదె తీరిగ్గా నెమరేస్తోంది, చెంబు బోర్లా పడి ఉంది. మధ్యలో ముగ్గురు శిలల్లా ఉన్నారు. పెట్టె చెప్పుకుంటూనే పోతోంది.

"ఒరే తవిటీ. గేదె చేపిందేట్రా?" అంది గుమ్మంలోంచే.

"ఆరున్నరకే చేపిందమ్మా" అన్నాడు తవిటినాయుడు, తల తిప్పకుండా.

"మరి ఫోనెత్తరేట్రా సన్నాసుల్లారా? నా కాశీ పోయె. కదలండి, లేవండి ముందు."

ఆటో ఇంకా గుడగుడమంటూనే ఉంది. వీధిలో కుక్క మొరుగుతోంది. తవిటినాయుడు సతమతమయ్యాడు. కదలమంటున్నదీ అమ్మే, కదలొద్దంటున్నదీ అమ్మే. ఎవరి మాట వినాలి? శ్రద్ధగా చెవులు పెట్టి రెండూ పోల్చి చూశాడు. పెట్టెలో అమ్మ చెవి పక్కన ఉన్నట్టుంది, ప్రతి మాటా ముత్యం. గుమ్మంలో అమ్మ ఎక్కడో దూరంగా, బొంగురుగా, సగం మాట ఏడుపులో పోతోంది. ఇలాంటి శబ్దాన్ని నమ్మి ఓ పనికి దిగటం తెలివైనవాళ్ళు చెయ్యరు.

"అమ్మా, నీ మాట శుభ్రంగా రావటం లేదు" అన్నాడు ఎంతో మర్యాదగా. "ఆ ఆటోని పంపించేసి, జానెడు దూరానికొచ్చి, మళ్ళీ మొదట్నుంచి చెప్పు."