పగిలిన కజ్జికాయ

ఇమ్మానుయేలు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు తినడానికి ఏముందని అడిగేవారు. ఖాళీ కడుపుకి రాయి అర్థం కాదని ఆయన సిద్ధాంతం. ఉద్యోగమంతా చమురు బావుల దగ్గరే గడిపిన మనిషి, రిటైరయ్యాక కూడా గోదావరి పాయ పక్కనున్న రాళ్ళ షెడ్డుకి వస్తూనే ఉండేవారు. బావి తవ్వేటప్పుడు అడుగు నుంచి గుండ్రటి కడ్డీల్లా కోసి తీసిన రాళ్ళను పెట్టెల్లో వరసగా పేర్చి ఉంచే చోటది. కొత్తగా చేరిన పిల్లలకి అక్కడ ఆయన దగ్గరే చదువు. గురుదక్షిణ కింద ఫలహారం తెస్తే చాలు.

ఆ మధ్యాహ్నం నీలవేణి వచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అది ఆమెకి మొదటి బావి. అందులో చమురు ఉందో లేదో సాయంత్రంలోగా పైవాళ్ళకి చెప్పాలి. లేదంటే తెల్లారి సిమెంటు పోసి మూసేస్తారు. ఒకసారి పోశాక దేవుడు దిగొచ్చి చెప్పినా మళ్ళీ ఎవరూ తెరవరు.

"మాస్టారూ, నాకు ఒక్కటి చెప్పండి," అంది కూర్చోకుండానే. "చమురుకి పుట్టిల్లు దొరికింది. కిందున్న నల్ల సున్నపురాయిని సుత్తితో కొడితే కిరసనాయిలు వాసన గుప్పుమంటోంది. ఏనాటివో సముద్రపు జీవాలు ఆ సున్నపు బురదలో కూరుకుపోయి చమురయ్యాయి, సందేహం లేదు. మరి మెట్టినిల్లేదండీ? పైనున్నదీ సున్నపురాయే. దాన్ని బిళ్ళలుగా కోసి ల్యాబుకి పంపాను. సూది మొన పట్టే సందు కూడా లేదన్నారు. పుట్టిన చమురు ఎక్కడ కాపరం పెట్టినట్టు?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తినడానికేం తెచ్చావమ్మా?"

నీలవేణికి ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది ఈయన వరస! అయినా పెద్దాయన. సంచిలోంచి డబ్బా తీసింది. రాజోలు నుంచి వాళ్ళమ్మ పంపిన కజ్జికాయలు. అంచులు చెక్కుచెదరని వాటిని ఏరి, కాగితంలో మాస్టారి ముందు పెట్టింది. విచ్చిపోయినవి తనకోసం మూతలోకి తోసుకుంది.

మాస్టారు తన ముందున్నవి ముట్టుకోలేదు. చెయ్యి చాచి మూతలోంచి ఒక పగిలినదాన్ని తీసుకున్నారు.

"అయ్యో, అవి పాడైపోయాయండీ! మీకు మంచివి పెట్టానుగా."

"పాడయ్యాయా? ఎందుకు పగిలాయంటావు?"

"మా అమ్మది పెద్ద చెయ్యండీ. కొన్నిట్లో కొబ్బరి లౌజు మరీ కూరేస్తుంది. అవి నూనెలో పడగానే నోళ్ళు తెరుస్తాయి."

మాస్టారు ఊఁ కొట్టి, కజ్జికాయ కొరికి, కళ్ళు మూసుకుని తీరిగ్గా నమిలారు. తరవాత ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగారు. "ల్యాబుకి పంపిన బిళ్ళలు ఏ ముక్కల్లోంచి కోశావు?"

"మంచివాటిలోంచేనండీ. గట్టిగా, పగుళ్ళు లేకుండా..." అని మధ్యలోనే ఆగిపోయింది.

బిళ్ళ కొయ్యాలంటే రాయి మర పట్టుకి ఆగాలి. పొడైపోయినదాన్ని ఎవరు కొయ్యగలరు? అందుకని ఆ షెడ్డులో అందరూ చేసే పనే తనూ చేసింది. గట్టివాటిని పరీక్షకి పంపింది, చితికినవాటిని గుడ్డసంచిలో కట్టి మూల పడేసింది, పెట్టెలో మిగిలిన ఖాళీలో గుర్తుకని చెక్కదిమ్మ పెట్టింది. సరిగ్గా ఆ లోతులోనే, తవ్వేటప్పుడు బావిలోకి తోసిన బురదనీళ్ళు తిరిగి పైకి రాకుండా రాతిలోకే ఎటో ఇంకిపోయాయని డ్రిల్లరు పొద్దస్తమానం తిట్టుకున్నాడు. అది అతని తలనొప్పి అనుకుంది. రాయి తనకి పంపిన కబురని అప్పుడు తట్టలేదు.

గబగబా వెళ్ళి సంచి ముడి విప్పి, ముక్కలన్నీ బల్ల మీద బోర్లించింది. శనగగింజలు పట్టేంత గుంటలు! ఏ కాలంలోనో వాననీళ్ళు ఆ సున్నాన్ని కరిగించి తొలిచిన గుంటలు. వాటి అంచుల్లో తేనెరంగు మరకలు. ఒక ముక్కని విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుగా చమురు వాసన తగిలేసరికి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు కాస్తా బయటపడింది.

"ఎంత పని చేసేదాన్ని మాస్టారూ! రేపు నా మాట మీదే మూసేసేవారు."

"ఇంకా మూయలేదుగా తల్లీ. కళ్ళు తుడుచుకుని ఫోను చెయ్యి."

చేసింది. తను పంపిన బిళ్ళలు రాయి సంగతంతా చెప్పవని, చితికిన చోట పరీక్ష చేసేదాకా సిమెంటు ఆపమని చెప్పింది. అవతలి పెద్దమనిషి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని చెడామడా తిట్టాడు. పడింది. చివరికి సరే, ఆపుతామన్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి కాగితంలో మంచి కజ్జికాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూత మాత్రం ఖాళీ.

"మరి చమురు వస్తుందంటారా అండీ?"

మాస్టారు వేళ్ళకంటిన లౌజు రుమాలుకి తుడుచుకుంటూ లేచారు.

"మీ అమ్మగారికి చెప్పు. ఈసారి నాకు పగిలినవే పంపమను."