దళపతిగారి మనశ్శాంతి కోడి

పిల్లికొండ రాజు ఉద్దండరాజుగారు ఒకనాడు కొలువులో కూర్చుంటూనే చాటింపు వేయించారు: ఇకమీదట గాలిపల్లకిలో మనుషులే ఎక్కాలి, జంతువన్నది కనబడకూడదు.

గాలిపల్లకి అంటే పైన పెద్ద తోలుతిత్తి కట్టి, వేడిపొగ నింపితే కొండల మీదుగా ఎగిరిపోయే పల్లకి. మనసు బాగాలేనివాళ్లు తమకు సాయంచేసే జంతువును అందులో వెంట తెచ్చుకోవచ్చని ఒక వెసులుబాటు ఉండేది. ఇంకేం, ఊళ్లో గొప్పవాళ్లందరికీ ఒక్కసారిగా మనసు పాడైపోయింది. ఒకాయన పొట్టేలుతో ఎక్కాడు. ఇంకొకాయన ముంగిసతో. కోశాధికారిగారి భార్య అయితే బాతులు పక్కన లేకపోతే బెంగ అంది. కిందటి ప్రయాణంలో ఆ బాతులు రాజుగారి వియ్యంకుడి పట్టుపంచె మీద చేయకూడని పని చేశాయి. అందుకే ఈ చాటింపు.

ఇందులో నిజంగా మునిగింది గవరయ్య. పాత సిపాయి. యుద్ధం నుంచి ఒళ్లు మొత్తం తిరిగొచ్చింది గానీ మనసు సగమే వచ్చింది. నగారా మోగితే చాలు, ఊపిరాడక కొయ్యబారిపోతాడు. అప్పుడతని కుక్క కరియడు ఒళ్లోకెక్కి బరువంతా వేసి పడుకుంటే, మనిషి మళ్లీ మనిషవుతాడు. కొండల అవతల అతని కూతురికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల. బాట వానలకు కొట్టుకుపోయింది. గాలిపల్లకి తప్ప దారి లేదు. అది ఎగిరేముందు నగారా కొట్టడం ఆనవాయితీ.

గవరయ్య కొలువుకొచ్చి మొరపెట్టుకుంటే రాజుగారు మెత్తబడ్డారు. సరే, ఒక్క జంతువుకు చోటిస్తానన్నారు.

ఆ మాట నోట్లో ఉండగానే దళపతి రణమల్లు లేచాడు. చంకలో పందెంకోడి. ఇది లేకపోతే తనకు గుండెదడ అనీ, రాజవైద్యుడే ఆ మాట రాసిచ్చాడనీ అన్నాడు. అవతలి ఊళ్లో పెద్ద పందెం ఉందని సభలో అందరికీ తెలుసు. ఆయన మీసాలకు జడిసి ఒక్కడూ నోరు మెదపలేదు. మగాళ్ల ధైర్యం అంతవరకే.

రాజుగారు తల పట్టుకుని, కొలువులో నవ్వించే కోనమ్మ వైపు తిరిగారు. "ఎవరి జంతువు నిజంగా సాయం చేసేదో నువ్వే తేల్చు కోనమ్మా."

"దానికేం మహారాజా. ఇద్దరినీ పల్లకిలో కూర్చోబెట్టండి. ఎప్పటిలాగే నగారా కొట్టించండి. జంతువులే చెబుతాయి."

బయటికొచ్చాక కోనమ్మ గవరయ్యను అడిగింది, నగారా ఓర్చుకోగలవా అని. కరియడుంటే ఓర్చుకుంటానన్నాడు. తర్వాత ఆవిడ దళపతి దగ్గరికెళ్లి ఎగాదిగా చూసి పెదవి విరిచింది.

"ఊరంతా చూస్తుంటే ఈ ఉత్త తలపాగాతోనా దళపతిగారూ? మీ ఎర్ర తురాయి ఏమైంది? అది ఊగుతుంటేనే కదా మీ ఠీవి."

దళపతి మురిసి ముక్కలైపోయి ఇంటికి మనిషిని పరిగెత్తించాడు.

పల్లకిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నగారా మోగింది. గవరయ్య కళ్లు నిలబడిపోయాయి. ఎవరూ చెప్పకుండానే కరియడు ఒళ్లోకెక్కి, అతని గడ్డం కింద తల దూర్చి పడుకున్నాడు. కాసేపటికి గవరయ్య ఊపిరి దారిలో పడింది.

పందెంకోడికి మాత్రం నగారా అంటే ఒకటే అర్థం, బరిలోకి దిగమని. అది తలెత్తి శత్రువు కోసం చూసింది. సరిగ్గా పైన, ఎర్రజుట్టు ఊపుకుంటూ ఎంత పొగరుబోతు పుంజు!

ఒక్క ఎగురు ఎగిరి దళపతి నెత్తినెక్కింది.

"తీయండ్రా దీన్ని, నా గుండె ఆగిపోతోంది" అని ఆయన పల్లకిలోంచి దూకి పరుగో పరుగు. వెనకే కోడి. తలపాగా ఒక చోట, తురాయి ఒక చోట.

కోనమ్మ చేతులు కట్టుకుని వినయంగా అంది:

"మహారాజా, దళపతిగారి గుండెదడ నిజమే. మందనుకున్నదే రోగం."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. దళపతికి జడిసినవాళ్లంతా ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వుల మీదుగానే పల్లకి లేచింది, గవరయ్యతో, కరియడితో.

రాజుగారు మెడలోని హారం తీసి కోనమ్మకిచ్చి, పట్టి తెచ్చిన కోడిని కూడా ఆవిడ చేతుల్లో పెట్టారు. "ఇదీ నీదే. పెంచుకుంటావా, వండుకుంటావా?"

"ఆదివారం దాకా పెంచుకుంటాను మహారాజా. ఆ తర్వాత మా వీధి మొత్తానికి మనశ్శాంతి."